తమ్ముడికి తొడ ఎముకలో ఈవింగ్ సార్కోమా అనుమానం, 16 ఏళ్లు. తెలిసినవాళ్లు చెప్పండి

పిఠాపురం_అన్న | జూన్ 12, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్. ఫిబ్రవరిలో కబడ్డీ ఆడుతూ పడ్డాడు, అప్పటి నుంచి ఎడమ తొడ మధ్యలో నొప్పి. ఆటలో దెబ్బే కదా అని మేమూ వదిలేశాం, తర్వాత పక్క ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గర రెండు వారాలు నూనె మర్దన, కట్టు. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది, ఈసారి రాత్రుళ్లు నిద్రలోంచి లేపేసేంత. ఏప్రిల్ నుంచి సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. ఒక డాక్టరు ఎక్స్‌రే, రక్తపరీక్ష చూసి ఈఎస్ఆర్ బాగా ఎక్కువుంది, ఎముకకి చీము పట్టింది అని మూడు వారాలు యాంటీబయాటిక్స్ వాడించారు. జ్వరం తగ్గింది, వాపు పెరిగింది. నిన్న ఎమ్మారై తీస్తే 10 సెంటీమీటర్ల గడ్డ, ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ కావచ్చు అని రాశారు. సోమవారం ఇక్కడే కోసి ముక్క తీసి పంపిస్తాం అంటున్నారు.

ఇది ఎంతమందికి నయమవుతుంది? కాలు తీసేస్తారా? అమ్మకి ఇంకా గడ్డ అని మాత్రమే చెప్పాం.

ఓరుగల్లు_అక్క | జూన్ 12, రాత్రి 11:58

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. సోమవారం బయాప్సీ ఆపు. రేపు పొద్దున్న లేవగానే ఫోన్ చేసి వాయిదా వేయించు. ఎందుకో డాక్టర్లు ఎవరైనా వచ్చి సరిగ్గా చెప్తారు, నాకు తెలిసింది మా పాప విషయంలో అయిన తప్పు వల్ల.

ఆర్థో_పీజీ | జూన్ 13, ఉదయం 6:15

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా. అక్క చెప్పింది నిజం. ఎముక క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు ముక్క తీసే దారి చాలా ముఖ్యం, ఎందుకంటే సూది వెళ్లిన దారి పొడుగునా క్యాన్సర్ కణాలు అంటుకుని ఉండొచ్చు, తర్వాత ఆపరేషన్ చేసే సర్జన్ ఆ దారిని కూడా గడ్డతోపాటు కోసి తీసేయాలి. తెలియనివాళ్లు అడ్డంగా కోసినా, వేరే కండరం గుండా వెళ్లినా, రక్తం అంతా లోపల పరుచుకున్నా, కాపాడగలిగిన కాలు కూడా పోయే పరిస్థితి రావచ్చు. అందుకే చివరికి ఆపరేషన్ ఎక్కడ చేస్తారో అక్కడే బయాప్సీ. మామూలుగా లావు సూదితో చేస్తే చాలు, పెద్ద కోత అక్కర్లేదు.

మీకు దగ్గర వైజాగ్ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, టాటా వాళ్లదే. హైదరాబాద్‌లో అయితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, బంజారాహిల్స్‌లో బసవతారకం. ఓపిక, వసతి ఉంటే ముంబై పరేల్‌లో టాటా మెమోరియల్. ఎక్కడికి వెళ్లినా ఎమ్మారై సీడీ పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.

మొదటి డాక్టర్ని మరీ తిట్టుకోకండి. జ్వరం, వాపు, ఈఎస్ఆర్ పెరగడం, తెల్లకణాలు పెరగడం, ఇవన్నీ చీము పట్టినా ఉంటాయి, ఈవింగ్‌లోనూ ఉంటాయి. ఎక్స్‌రేలో ఉల్లిపాయ పొరల్లాగా ఎముక పైన ఒకదాని మీద ఒకటి పొరలు కనిపిస్తాయని మాకు పుస్తకంలో చెప్తారు, అదీ రెండింట్లోనూ రావచ్చు. తప్పంటూ ఉంటే అది యాంటీబయాటిక్స్ ఇవ్వడం కాదు, మూడు వారాలైనా వాపు తగ్గనప్పుడు ఎమ్మారై తీయకపోవడం.

ఎర్రమట్టి | జూన్ 13, ఉదయం 7:02

మర్దన మాత్రం ఇక వద్దు భయ్యా. ఎవరు చెప్పినా సరే. ఆ కాలి మీద బరువు కూడా పెట్టనివ్వకండి, గడ్డ తిన్న ఎముక చిన్న దెబ్బకే విరుగుతుంది, విరిగితే కథ ఇంకా కష్టమవుతుంది. నాకు 17 ఏళ్లప్పుడు పిక్క పక్కనుండే సన్న ఎముకలో వచ్చింది, ఇప్పుడు 27. వివరాలు తర్వాత రాస్తా, ఆఫీసుకి లేటవుతోంది.

పిఠాపురం_అన్న | జూన్ 13, ఉదయం 9:30

ఆపేశాం. వాళ్లకి కోపం వచ్చింది, పర్లేదు. చంకల కింద కర్రలు కొన్నాం.

పిఠాపురం_అన్న | జూన్ 27, సాయంత్రం 5:10

రిపోర్టులు వచ్చాయి. ఈవింగ్ సార్కోమానే. సీడీ 99 (ఈ గడ్డ కణాల మీద ఉండే గుర్తు) పాజిటివ్, జన్యువుల్ని చూసే ఫిష్ పరీక్షలో ఈడబ్ల్యూఎస్ఆర్ 1 జన్యువు విరిగినట్టు వచ్చింది. ఒళ్లంతా చూసే పెట్ స్కాన్‌లో ఊపిరితిత్తులు, మిగతా ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. మూలుగ పరీక్ష కూడా బాగానే ఉంది. పాకలేదు అన్నమాట. అమ్మకి చెప్పేశాం. ఏడ్చింది, తర్వాత లేచి వంట చేసింది.

ఇంకో సమస్య వచ్చిపడింది. అమ్మానాన్నలది మేనరికం, నాన్న అమ్మకి సొంత మేనబావ. జన్యువు అన్న మాట వినగానే మా పెద్దత్త ఫోన్ చేసి, మేనరికం చేసుకుంటే ఇలాగే అవుతుందని నేను అప్పుడే చెప్పాను అంది. అమ్మ అప్పటి నుంచి మాట్లాడటం లేదు. ఇది నిజమా? నాకూ రావచ్చా?

ఆర్థో_పీజీ | జూన్ 27, సాయంత్రం 6:45

కాదు. ఇది గట్టిగా చెప్పండి అత్తగారికి. ఈవింగ్‌లో 11వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ చెరో చోట తెగి ముక్కలు మార్చుకుంటాయి, దాంతో ఈడబ్ల్యూఎస్ఆర్ 1, ఎఫ్ఎల్ఐ 1 అనే రెండు జన్యువులు అతుక్కుని ఒకటవుతాయి. వందలో 85 మందికి ఇదే జత, మిగతావాళ్లకి దాని చుట్టాలు. ఈ తెగడం, అతకడం మీ తమ్ముడి ఒంట్లో, వాడు పుట్టాక, ఏదో ఒక్క కణంలో జరిగింది. అమ్మ నుంచి రాలేదు, నాన్న నుంచి రాలేదు, వాడి పిల్లలకి పోదు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరు, అక్కడ అమ్మ దగ్గరొకటి, నాన్న దగ్గరొకటి చెడ్డ జన్యువు ఉండి రెండూ కలవాలి. ఇక్కడ ఆ లెక్కే లేదు. మీకు ప్రత్యేకంగా పరీక్షలేం అక్కర్లేదు.

కబడ్డీలో పడ్డందువల్ల కూడా రాలేదు. దెబ్బ వల్ల అక్కడ నొప్పి బయటపడింది, అంతే.

ఓరుగల్లు_అక్క | జూన్ 27, రాత్రి 8:20

అమ్మకి ఫోన్ ఇవ్వు, నా నంబర్ మెసేజ్‌లో పెడతా. నన్నైతే మా అత్తగారు గ్రహణం నాడు బయట తిరిగావు అన్నారు. ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

లెక్కల_మాస్టారు | జూన్ 28, ఉదయం 10:05

ఎంతమందికి నయమవుతుంది అన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఇవ్వండి డాక్టరుగారూ. తెలియకుండా ఉండటం కంటే తెలిసి ఉండటం మంచిది, నా అనుభవం అది.

ఆర్థో_పీజీ | జూన్ 28, మధ్యాహ్నం 2:30

సరే మాస్టారూ. కీమో రాకముందు కాలు తీసేసినా, రేడియేషన్ ఇచ్చినా, పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది పోయేవారు, ఎందుకంటే స్కాన్‌లో కనపడని కణాలు అప్పటికే రక్తంలో తిరుగుతుండేవి. ఇప్పుడు పాకని జబ్బు అయితే, మందులు సరిగ్గా పూర్తి చేస్తే, ఐదేళ్ల తర్వాత వందలో 70 మంది దాకా బతికి ఉంటున్నారు. మొదటి రోజే వేరే చోటికి పాకి ఉంటే అది 30కి, అంతకంటే కిందికి పడిపోతుంది. అందులోనూ ఊపిరితిత్తుల్లో మాత్రమే ఉన్నవాళ్లు, మిగతా ఎముకల్లో, మూలుగలో ఉన్నవాళ్ల కంటే నయం. ప్రతి నలుగురిలో ఒకరికి, కాస్త అటూఇటూగా, మొదటే పాకి ఉంటుంది.

పాకనివాళ్లలోనూ అందరిదీ ఒకటే లెక్క కాదు. కటి ఎముకలో, వెన్నులో వస్తే కష్టం, చేతులు కాళ్లలో నయం. గడ్డ 8 సెంటీమీటర్లు దాటితే కొంచెం వెనకబాటు. చిన్న పిల్లలు పెద్దవాళ్ల కంటే బాగా తట్టుకుంటారు. కీమో తర్వాత ఆపరేషన్‌లో తీసిన ఎముకని కోసి చూస్తే అందులో ఎంత భాగం చచ్చిపోయిందన్నది అన్నిటికంటే బాగా చెప్తుంది.

మందుల సంగతి. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఒకసారి, ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ తర్వాతసారి, ఇలా మార్చి మార్చి 14 విడతలు. ఈ రెండో జత కలపడం వల్ల, పాకని వాళ్లలో జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు గడిపినవాళ్లు 54 శాతం నుంచి 69కి పెరిగారని అమెరికాలో 2003లో తేలింది. 2012లో ఇంకోటి తేలింది, అవే మందులు మూడు వారాలకి బదులు రెండు వారాలకోసారి ఇస్తే 65 నుంచి 73కి. కొత్త మందేమీ లేదు అక్కడ, తేదీ తప్పకపోవడమే. మన దగ్గర ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. పండగ వచ్చిందనో, డబ్బు సర్దుబాటు కాలేదనో, నాలుగో విడతకి గడ్డ కరిగి నొప్పి పోయింది కదా అనో ఇంటికెళ్లి రారు.

వంటింటి_వైద్యం | జూన్ 28, సాయంత్రం 4:12

కీమో అంటే విషం. మా బంధువుకి గోమూత్రం, తిప్పతీగ రసంతోనే గడ్డ కరిగింది. నంబర్ కావాలంటే

నిర్వాహకుడు | జూన్ 28, సాయంత్రం 4:40

పై పోస్టులో నంబర్ తీసేశాం. ఇలాంటివి ఈ విభాగంలో పెట్టకండి, రెండోసారి చెప్పం.

కీమో_నర్సు | జూన్ 28, రాత్రి 9:50

నేను పిల్లల వార్డులో 11 ఏళ్లుగా ఉన్నాను. కొన్ని విషయాలు ఇంట్లో గోడకి అంటించుకోండి. థర్మామీటర్ ఒకటి కొనండి, 100.4 దాటిందంటే డోలో వేసి చూద్దాం అనుకోవద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరాలి, తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో పిల్లల్ని పట్టుకుపోతుంది. వాళ్లు ఫోన్ ఎత్తకపోయినా సరే వెళ్లి కూర్చోండి. కీమో అయ్యాక మర్నాటి నుంచి తెల్లకణాలు పెరగడానికి పొట్ట మీదో, జబ్బకో ఇంజక్షన్ ఇస్తారు, అవి ఐస్‌బాక్సులో పెట్టి తీసుకెళ్లాలి, వైజాగ్ నుంచి పిఠాపురం దాకా బస్సులో ఎండలో మోసుకెళ్తే పనికిరావు. ఎముకలు లాగుతున్నాయంటాడు, అది ఇంజక్షన్ వల్ల, భయపడొద్దు.

డాక్సోరూబిసిన్ ఎర్రగా రూఅఫ్జాలా ఉంటుంది, ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తం కాదు. కానీ ఐఫాస్ఫమైడ్ రోజుల్లో ఎర్రగా వస్తే అది రక్తమే కావచ్చు, వెంటనే చెప్పాలి. దానికి విరుగుడుగా మెస్నా ఇస్తారు, నీళ్లు బాగా తాగించాలి. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, కాళ్లు తిమ్మిర్లు, నడుస్తుంటే చెప్పు జారిపోవడం. ఇంట్లో వండింది వేడిగా పెట్టండి, బయటి చెరకు రసం, పానీపూరీ వద్దు. సిర కోసం చేతులు పొడిచి పొడిచి చూడకుండా పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చేది) పెట్టించండి, డాక్సోరూబిసిన్ సిర బయటికి కారితే చర్మం కాలిపోతుంది.

ఎర్రమట్టి | జూన్ 28, రాత్రి 11:30

అందరూ చెప్పని ఒకటి నేను చెప్తా, సిగ్గుపడితే కుదరదు. కీమో మొదలయ్యే ముందు తమ్ముడి వీర్యం దాచిపెట్టించండి. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ రెండూ పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీస్తాయి. ఒకటి రెండు రోజుల పని, కీమో ఆలస్యమేం కాదు. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, డాక్టరు అడిగినా నాన్న బయటికి పంపించి ఇప్పుడవన్నీ ఎందుకండీ, ముందు బతకనివ్వండి అన్నారట. బతికాను. పోయినేడాది పెళ్లి సంబంధం దగ్గర ఈ మాట చెప్పాల్సి వచ్చింది. అమ్మ చెప్పలేదు, నాన్న చెప్పరు, అన్నవి కాబట్టి నువ్వే వాడిని పక్కకి తీసుకెళ్లి మాట్లాడు.

పిఠాపురం_అన్న | జూలై 1, ఉదయం 8:00

మాట్లాడాను. వాడు నవ్వాడు, తర్వాత సరే అన్నాడు. పని అయింది. రేపు మొదటి విడత. ఆరోగ్యశ్రీలో నమోదైంది. కొన్ని మందులు, పెట్ స్కాన్ చేతినుంచి పడ్డాయి.

టొరంటో_బాబాయి | జూలై 2, ఉదయం 5:20

ఇక్కడ కెనడాలో ప్రతి సెప్టెంబరులో టెర్రీ ఫాక్స్ పరుగు జరుగుతుంది, మా పిల్లల స్కూల్లో అందరూ పరిగెడతారు. ఆ కుర్రాడికీ ఎముక క్యాన్సరే, 1977లో 18 ఏళ్లకి కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980లో కృత్రిమ కాలుతో దాదాపు రోజుకో మారథాన్ లెక్కన 143 రోజులు, 5373 కిలోమీటర్లు పరిగెత్తాడు. ఊపిరితిత్తులకి పాకడంతో థండర్ బే దగ్గర ఆగిపోయాడు, మరుసటేడు జూన్‌లో చనిపోయాడు, 22 ఏళ్లు. అప్పట్లో ఇప్పటి మందులు ఉంటే ఎలా ఉండేదో. ఇదీ అదే జబ్బు కదా?

ఆర్థో_పీజీ | జూలై 2, మధ్యాహ్నం 1:15

కాదు బాబాయిగారూ, ఆయనది ఆస్టియోసార్కోమా. రెండూ టీనేజీలోనే వస్తాయి కాబట్టి కలిపేస్తారు. అది ఎక్కువగా మోకాలి దగ్గర, ఎముక చివర్లో పుడుతుంది, ఎముకలాంటి పదార్థాన్ని తయారుచేస్తుంది, మందులు వేరు (మెథోట్రెక్సేట్, సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్), రేడియేషన్‌కి అంతగా లొంగదు. ఈవింగ్ ఎముక మధ్యభాగంలో, కటిలో, పక్కటెముకల్లో ఎక్కువ, రేడియేషన్‌కి కరుగుతుంది. అసలు జేమ్స్ ఈవింగ్ 1921లో ఇది వేరే జబ్బు అని గుర్తుపట్టింది కూడా కొంత ఆ కరిగే గుణం చూసే.

పక్కింటి పిల్లాడికి ఫలానా మందు ఇచ్చారు, మాకెందుకు ఇవ్వలేదు అని చాలామంది అడుగుతారు, అందుకే ఇంత చెప్పాను.

పిఠాపురం_అన్న | ఆగస్టు 19, రాత్రి 10:00

మూడో విడత తర్వాత జ్వరం, 102. రాత్రి ఒంటిగంటకి కారు మాట్లాడుకుని బయల్దేరాం. తెల్లకణాలు 300. ఆరు రోజులు లోపల ఉంచారు. నర్సు అక్కగారూ, మీ మాట గుర్తుండబట్టి ఆగలేదు. విడత మాత్రం ఎనిమిది రోజులు వెనక్కి వెళ్లింది, టెన్షన్‌గా ఉంది.

కీమో_నర్సు | ఆగస్టు 19, రాత్రి 10:25

ఒకసారి జరగడం మామూలే. కణాలు కోలుకోకుండా ఎక్కించకూడదు కదా. కోలుకున్న మర్నాడే మొదలుపెట్టించండి, ఆదివారం కలిపి సోమవారం అనుకోవద్దు.

పిఠాపురం_అన్న | అక్టోబర్ 3, మధ్యాహ్నం 3:40

మళ్లీ ఎమ్మారై తీశారు. గడ్డ మెత్తటి భాగం చాలావరకు పోయింది. ఇప్పుడు రెండు దారులు చెప్తున్నారు, ఆపరేషనా, రేడియేషనా. ఆపరేషన్ అయితే ఎముకని బయటికి తీసి రేడియేషన్ ఇచ్చి మళ్లీ పెడతామంటున్నారు. అదేంటో అర్థం కాలేదు. వాళ్లని మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటం.

ఆర్థో_పీజీ | అక్టోబర్ 3, సాయంత్రం 7:10

మొహమాటం వద్దు, అడగండి. జబ్బున్న ఎముక ముక్కని రెండు వైపులా కొంచెం మంచి ఎముకతో కలిపి కోసి తీస్తారు, అంటుకున్న కండ గీకేసి, సంచిలో పెట్టి రేడియేషన్ గదికి పంపి ఒక్కసారే 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఇస్తారు. మనిషి ఒంటి మీద అంత డోసు ఒకేసారి ఇవ్వలేం. ఉన్న కణాలన్నీ చస్తాయి. అదే ముక్కని తెచ్చి అదే చోట పెట్టి ప్లేట్లు బిగిస్తారు. వాడి ఎముకే కాబట్టి అచ్చంగా సరిపోతుంది, లోహపు ఎముక ఖర్చు ఉండదు. తొడ మధ్యలో ఉంది కాబట్టి పైన తుంటి, కింద మోకాలు రెండూ సొంతవే మిగులుతాయి. చిక్కేంటంటే రెండు అతుకులూ కలవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది, అప్పటిదాకా బరువు పెట్టకూడదు. ఇన్ఫెక్షన్, ఎముక విరగడం కూడా కొందరికి అవుతాయి.

ఓరుగల్లు_అక్క | అక్టోబర్ 3, రాత్రి 9:00

తీయగలిగితే తీయించెయ్యి తమ్ముడూ. మా పాపకి కటిలో వచ్చింది, 11 ఏళ్లప్పుడు, తీయలేం అన్నారు, రేడియేషన్ 31 సిట్టింగులు. ఆరేళ్లైంది, జబ్బు లేదు, దేవుడి దయ. కానీ ఒక తుంటి సరిగ్గా ఎదగలేదు, నడకలో తేడా ఉంది, గర్భసంచికి, అండాశయాలకి రేడియేషన్ తగిలింది, హార్మోన్ మాత్రలు వాడుతోంది. బతికింది కదా అంటారు అందరూ. అది నిజమే, నేనూ అంటాను. అయినా రాత్రిపూట ఆలోచన వస్తుంది.

పిఠాపురం_అన్న | నవంబర్ 8, ఉదయం 11:20

ఆపరేషన్ అయి మూడు వారాలు. ఈరోజు ల్యాబ్ రిపోర్టు. తీసిన గడ్డలో 98 శాతం చచ్చిపోయింది, అంచులు శుభ్రం. ఆర్థో గారూ ఇది మంచిదేనా?

ఆర్థో_పీజీ | నవంబర్ 8, ఉదయం 11:26

చాలా మంచిది. మిగిలిన విడతలు ఒక్కటీ ఎగ్గొట్టకండి.

లెక్కల_మాస్టారు | నవంబర్ 8, రాత్రి 9:45

సంతోషం బాబూ. మా అబ్బాయికి 92 శాతం వచ్చింది, మేమూ స్వీట్లు పంచాం. మందులు అయిన 14 నెలలకి ఊపిరితిత్తుల్లో వచ్చింది. ఇది చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు, మొదట్లో నేనే లెక్కలు అడిగాను కాబట్టి చెప్తున్నాను. రెండేళ్ల లోపు తిరగబెడితే చాలా కష్టమని అప్పుడు తెలిసింది. ఇరినోటెకాన్, టెమోజోలమైడ్ ఇచ్చారు, కొన్ని నెలలు బాగానే తిరిగాడు, డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాశాడు. పోయి మూడేళ్లు. 70 శాతం పోగా మిగతా 30 కూడా మనుషులే, వాళ్ల ఇళ్లవాళ్లు ఇలాంటి చోట్ల రాయడం మానేస్తారు, అందుకే ఇక్కడ అన్నీ మంచి కబుర్లే కనిపిస్తాయి. నేను అప్పుడప్పుడు చూస్తుంటాను. మందులు అయిపోయాక ఛాతీ స్కాన్‌లు మూడు నెలలకోసారి, ఒక్కటీ వాయిదా వేయకండి.

ఎర్రమట్టి | నవంబర్ 8, రాత్రి 10:30

మాస్టారూ, నమస్కారం. మీరు రాస్తూ ఉండండి.

పిఠాపురం_అన్న | మార్చి 21, సాయంత్రం 6:00

14 పూర్తయ్యాయి. చివరి స్కాన్ శుభ్రం. కింది అతుకు కలుస్తోంది, పైది ఇంకా కలవలేదు, కర్రలతోనే తిరుగుతున్నాడు. జుట్టు మొలుస్తోంది, ఈసారి ఉంగరాలు తిరిగి. ఇంటర్ ఫస్టియర్ మళ్లీ చదవాలి, దానికి మాత్రం బాగా ఏడ్చాడు, జబ్బుకి అంత ఏడవలేదు. పెద్దత్త చూడటానికి వచ్చింది. అమ్మ టీ ఇచ్చింది, మాట్లాడలేదు.

రెండు ప్రశ్నలు. పోర్ట్ ఎప్పుడు తీస్తారు? ముంబైలో ఒకసారి చూపిద్దామనుకుంటున్నాం, రైల్లో రాయితీ ఉందన్నారు, నిజమేనా?

కీమో_నర్సు | మార్చి 21, రాత్రి 8:15

పోర్ట్ కొందరు వెంటనే, కొందరు ఒకట్రెండు స్కాన్‌లు చూశాక తీస్తారు. ఉంచినన్నాళ్లూ నెలకోసారైనా, లేదా మీ ఆసుపత్రి చెప్పిన గడువుకి కడిగించాలి, లేకపోతే మూసుకుపోతుంది. గుండెకి ఎకో ఏడాదికోసారి మర్చిపోకండి, డాక్సోరూబిసిన్ ప్రభావం పదేళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు.

ఓరుగల్లు_అక్క | మార్చి 21, రాత్రి 8:40

నిజమే. ఆసుపత్రి వాళ్లు రైల్వే ఫారం మీద సంతకం, ముద్ర వేసిస్తారు, స్టేషన్ కౌంటర్‌లో చూపించాలి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పేషెంటుకి టికెట్ డబ్బులుండవు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గుతుంది. దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాల ఉంది, పరేల్‌కి దగ్గర, గది దొరకాలంటే ఆసుపత్రి కాగితం కావాలి, పొద్దున్నే వెళ్లాలి. బయాప్సీ ముక్క బ్లాకులు, స్లైడ్లు, ఎమ్మారై సీడీలు అన్నీ సంచిలో పెట్టుకున్నావా?